చెలిమెలు పూడ్పించిన సారు

మొన్న ఐతారం ఇద్దరు మనుషులు మా ఇల్లు అడుక్కుంట వచ్చిన్రు. ఒకాయన చేతిల సంచి, ఇంకొకాయన చేతిల ఫొటో. ఫొటో చూడంగనే గుర్తుపట్టిన. ముక్కు మీద గుండ్రటి అద్దాలు, మెడల విజిలు. బాగా ముసలితనంల తీసిన ఫొటో. అయినా విజిలు మాత్రం తియ్యలే.

"సారు పోయిండమ్మా. పదిహేను దినాలాయె," అన్నడు సంచి ఆయన. "సంతాప సంచిక వేస్తున్నం. ఏటి సంఘం మొదటి రోజులు చూసినోళ్లల్ల నువ్వే మిగిలినవ్. ఈ మధ్య రాస్తున్నవని సుత విన్నం. రెండు పేజీలు రాసియ్యి."

"ఎట్ల రాయాలె?"

"ఎట్లంటే... మంచిగ. పోయిన మనిషి గదా."

పోతే మనిషి మారుతడా? సరే అని చాయ్ పోసి పంపిన. రాయబోతే రెండు పేజీలల్ల పట్టలే, మంచిగ సుత రాలే. ఇది వాళ్లకు ఇయ్య. వాళ్ల సంచికకు వాళ్లే రాసుకుంటరు, వాళ్లకు అలవాటే.

అప్పుడు మా ఇండ్లు ఉప్పల్ దిక్కు మూసీ ఒడ్డు మీద ఉండె. పదకొండు ఇండ్లు, అందరం చాకలోళ్లమే. మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల బట్టలు గాడిదల మీద తెచ్చి, సోడా నీళ్ల ఆవిరిల ఉబ్బకు పెట్టి, ఏట్ల ఉతికి, ఇస్త్రీ చేసి మళ్ల తీసుకపోయి ఇచ్చేటోళ్లం. నాకు పెండ్లయి రెండేండ్లు. ఇంట్ల పెత్తనం మా అత్తది. నైజాం సర్కారు ఇంక ఉన్నది, పోలీస్ యాక్షన్ కాలే.

సారు మెట్టుగూడల ఉండేటోడు. గోదావరి జిల్లా మనిషి. సికింద్రాబాద్‌ల ఒక మిషన్ బడిల పాఠాలు చెప్పేటోడు. ఐతారం పొద్దున గిర్జాల ప్రార్థనకు పోయి వచ్చి, ఆటెన్క రెండు జట్కాల నిండ మనుషులను ఎక్కించుకొని మా రేవుకు దిగేటోడు. రైల్వే గుమాస్తాలు నలుగురైదుగురు, ఒక కంపౌండరు, ఒక బట్టల దుకాణం సేటు. వీళ్లంత కలిస్తే ఏటి సంఘం. సారు దానికి సెక్రెట్రీ. పని ఏందంటే ఏటికి సేవ చేసుడు.

ఆ సేవ ఎట్లుండేదో చెప్తా. జట్కా దిగంగనే సారు విజిలు ఊదేటోడు. అందరు వరుసగ నిలబడి ఏటికి దండం పెట్టేటోళ్లు. సారు బూట్లు విప్పి, మేజోళ్లు మడిచి బూట్లల్ల పెట్టి, లాగు అంచు రెండు మడతలు పైకి మడిచేటోడు. రెండంటే రెండే. మూడో మడత వేసిన దినం నేను చూడలే. చేతిల పొడుగు కట్టె, దాని కొసకు ఒక మొల. ఆ మొలతోని ఎండుటాకులు, కాయితపు ముక్కలు గుచ్చి గంపల వేసేటోడు. ఎండినవే. తడిసినదాన్ని ముట్టేటోడు కాదు. ఒకసారి చచ్చిన కుక్క కొట్టుకొచ్చి మా రేవుకాడ మూడు దినాలు ఉన్నది. సారు దాని పక్కపొంటి పోయి ఆకులు గుచ్చుకొని వచ్చిండు. అర్ధగంటకు మళ్ల విజిలు. సేవ ఒడిసింది. ఇగ చాపలు పరిచి డబ్బాలు విప్పుడే. పులిహోర, గారెలు, ఉడికిన గుడ్లు. పాటలు, పేకముక్కలు. పొద్దు వాలేదాక ఏటి గాలి. పోయేటప్పుడు తిన్న విస్తరాకులు అక్కడనే.

"మళ్ల ఐతారం ఏరాలె గదా. ఏం లేకుంటే సేవ ఎట్ల జేస్తరు?" అనేది మా అత్త.

ఉతికేటోళ్లకు మనిషి సంగతి బట్టనే చెప్తది. సోమారం నాడు సారు బట్టల మూట నాకాడికే వచ్చేది. ఒడిల పులిహోర పసుపు. మోకాలికాడ మట్టి ఉండేదే కాదు. కూసున్నకాడ మాత్రం ఉండేది. ఒక కీర్తన పాడితే గొంతు మంచిగుండేది, ఆ మాట దాచ. మేం సుత ఉతుకుడు ఆపి వినేటోళ్లం. పాట అయిపోంగనే ఉపన్యాసం షురూ చేసేటోడు, మేం మళ్ల బండకు బట్ట కొట్టుడు షురూ చేసేటోళ్లం.

"చూడమ్మాయ్, మీరు ఈ సబ్బూ సోడా నదిలో కలపకూడదు. నది మన తల్లి. తల్లి ఒంటి మీద నురుగు పోస్తామా?" అన్నడు ఒకసారి నాతోని.

నా చేతిల ఉన్నది ఆయన అంగీనే. చూపెట్టిన.

"సబ్బు పెట్టకుంటే ఇది తెల్లగ రాదు సారు. పెట్టాల్నా వద్దా చెప్పు."

సారు అద్దాలు తీసి తుడుచుకున్నడు. మాట తోచకుంటే అట్లనే తుడిచేటోడు. అంగీ అట్లనే తెల్లగ కావాలె, నురుగు మాత్రం కనపడొద్దు.

ఎప్పుడు జూసినా గోదావరి ముచ్చటనే. "మా గోదావరి అవతలి ఒడ్డు కనపడదమ్మాయ్. పడవలూ, లాంచీలూ! ఇదీ ఒక నదేనా, పాపం?" అనేటోడు. పాపమని జాలిపడి మా ఏటికి సేవ చేయ వచ్చినట్టు. మా అత్త ఒకసారి అడగనే అడిగింది. "అవతలి ఒడ్డు కనపడకపోతే అక్కడున్నోళ్ల కష్టం ఎట్ల కనపడతది సారూ?" సారు నవ్విండు. ముసలిది తమాషా చేస్తుందనుకున్నడు.

ఈ సంఘంల ఏటి సంగతి ఎరిగినోడు ఒక్కడే ఉండె. మౌలాలి కాన్నుంచి వచ్చే ఓవర్సీర్ సాబు. సర్కారు నీళ్ల మహకమాల నౌకరి చేసి పింఛను మీద దిగిపోయిన ముసలాయన. సంఘానికి ఆయనే సదరు, అంటే ప్రెసిడెంటు. ఎండాకాలంల మూసీ ఏట్ల పట్నం మురికి తప్ప పారేది ఏం ఉండదు. తాగే నీళ్లకు మేం ఇసుకల మోకాలంత లోతు గుంత తీసేటోళ్లం. అడుగున నీళ్లు ఊరుతయి. దాన్నే చెలిమె అంటం. ముంతతోని తోడాలె, ఊరినదాక ఆగాలె, మళ్ల తోడాలె. పశువులు దిగకుండ మీద తుమ్మకంప కప్పాలె. మా పదకొండు ఇండ్లకు మూడు చెలిమెలు. తియ్యటి ఊట అక్కడనే ఉండె. పదడుగులు ఇటు తవ్వినా అటు తవ్వినా చవుడు నీళ్లే. సంఘపోళ్లు ఎవరన్న ఆ కంప దిక్కు పోతే చాలు, ఓవర్సీర్ సాబు చెట్టు కిందినుంచే కేక వేసేటోడు. "ఉధర్ నై! అది వాళ్ల నీళ్ల కుండ అనుకోర్రి."

సారుకు ఆయనంటే పానం. ఒకటే చాప మీద కూసునేటోళ్లు. సాబు ఇంటినుంచి బగారా అన్నం వస్తే మొదటి ముద్ద సారుకే. "భాయీజాన్, మీ ఇంటి వంట ముందు మా పులిహోర దండగండీ," అనేటోడు సారు.

ఆ నడుమ దినాలు పాడైనయి. బయటి ఊర్లోళ్లంటే అనుమానం. ఒక ఐతారం బాట మీద వర్దీ బట్టలు తొడుక్కున్న నైజాం మనుషులు నలుగురు జట్కాను ఆపి సారును కిందికి దింపిన్రు. ఆంధ్రోడివి, ఇక్కడ ఏటొడ్డున గుంపులు ఏంది అని గట్టిగ అడిగిన్రు. సారు విజిలు పట్టుకొని నిలబడ్డడు. ఓవర్సీర్ సాబు కట్టె పొడుసుకుంట ఉరికొచ్చిండు. నేను రేవుల నిలబడి చూస్తనే ఉన్న.

"ఏ మేరా ఆద్మీ హై. ఈయన జమానత్ నాది," అన్నడు. వాళ్లు ఇంక ఏదో అన్నరు. "తీసుకపోతే ఇద్దర్ని తీసుకపోర్రి," అన్నడు. ఇద్దర్ని ఇడిసిపెట్టిన్రు. ఆ దినం సారు సాబు చెయ్యి పట్టుకొని పొద్దు వాలేదాక ఇడువలే.

ఆటెన్క మిలిట్రీ వచ్చింది. ఆకాశంల విమానాలు తిరిగినయి. నాలుగైదు దినాలల్ల నైజాం సర్కారు పోయింది. అంతకు నెల ముందే సారు వాళ్ల ఊరు పోయి ఉండె. మంచిగైనంక వచ్చిండు, తల మీద గాంధీ టోపీ పెట్టుకొని. టోపీ సుత నా మూటకే వచ్చింది. గంజి ఎక్కువ పెట్టమన్నడు.

సంఘం మళ్ల షురూ అయింది. ఒడ్డు మీద ఒక రేకు బోర్డు ఉండేది, ఉర్దూల రాసింది. సారు తారు డబ్బ తెప్పించి బోర్డంత నల్లగ పూసి, దాని మీద తెలుగుల రాయించిండు. నాకు అప్పటికి అక్షరం రాదు. ఉర్దూ అయినా తెలుగు అయినా నాకు ఒక్కటే. ఏం రాసిన్రని మా అత్త కంపౌండరును అడిగితే, "అదే సంఘం పేరు. సదరు పేరు మాత్రం లేదు," అన్నడు.

"సాబు ఏడి?"

"రాడు," అన్నడు కంపౌండరు. "ఆయన వద్దని ఎవరూ అనలే. ఆయన ఇంటికి కబురు పోలే, అంతే."

ఆ దినాలల్ల నైజాం కింద నౌకరి చేసిన అట్లాంటి ముసల్మాన్ పెద్దమనుషులు మస్తుమంది ఇండ్లల్లనే కూసున్నరు. ఏం చేసినా చేయకున్నా భయమే. ఏటి సంఘంల ఒక్కడు సుత మౌలాలి దాక పోయి ఎట్లున్నవని అడిగినోడు లేడు. సికింద్రాబాద్ టాకీసు దాక పోయి ఆట చూసి వచ్చేటోళ్లే అందరు.

ఎండాకాలం వచ్చింది. ఎవరో కొత్త ఆఫీసరు ఏటొడ్డుకు వస్తడని తెలిసి సారుకు కాలు నిలువలే. ఒడ్డు అద్దంలెక్క ఉండాలన్నడు. ఆఫీసరు రాకకు వారం ముంగటి ఐతారం మేమంత బన్సీలాల్‌పేట్‌ల పెండ్లికి పోయి ఉన్నం. ఇండ్లకాడ పక్షవాతం వచ్చి మాట పడిపోయిన ఒక ముసలామె తప్ప ఎవ్వరు లేరు. సంఘం వచ్చింది. ఇసుక నడుమ తుమ్మకంప కుప్పలు చూసింది. సాబు మాట మరిచి, చెత్త అనుకొని కాలబెట్టింది. కంప కింద గుంతలు, గుంతలల్ల నీళ్లు. దోమలు ఇక్కడనే పుడుతున్నయని కంపౌండరు తేల్చిండు. మూడు చెలిమెలల్ల కిరసనాయిలు పోసిన్రు. మీదికెంచి ఇటుక ముక్కలు, మట్టి వేసి పూడ్చి, తొక్కి, నున్నగ చేసిన్రు. ఉధర్ నై అని కేక వేసే మనిషి చెట్టు కింద లేడు.

ముసలామె చెయ్యి అడ్డంగ ఊపుకుంట వద్దు వద్దని సైగ చేసిందంట. దీవిస్తున్నదనుకొని సారు దండం పెట్టిండట. ఈ ముచ్చట జట్కా ఆయన చెప్తే మాకు తెలిసింది.

మేం సోమారం వచ్చినం. మట్టి తోడినం, ఇటుకలు తీసినం. నీళ్లు ఊరినయి, కిరసనాయిలు వాసనతోని. తోడి పారబోసినం, మళ్ల ఊరినయి, మళ్ల వాసన. రెండు దినాలు తోడినం. వేరే దిక్కు ఆరు గుంతలు తీసినం, ఆరిట్ల చవుడే. అదే గుక్కెడు గుక్కెడు మింగుకుంట దినాలు ఎల్లదీసినం. దగ్గరి తోటల బాయి ఉండె గాని, ఆ తోట ఆసామి గడబిడల పారిపోయి బాయి గేటుకు తాళం పడ్డది. పిల్లలు నాలుక బయట పెడుతున్నరు. మా ఆడబిడ్డ పచ్చి బాలింత. మా అత్త పాత చెలిమెకాడ ఇసుకల కూసున్నది.

"పో. సారు ఇంటికి పో," అన్నది ఆఖరుకు, శనారం పొద్దుగాల. "కొత్త ఊట ఎక్కడున్నదో ఓవర్సీర్ సాబు ఒక్కడే చెప్పగలడు. సాబు భయంతోని ఇల్లు దాటుతలేడంట. సారు పిలిస్తే వస్తడు."

ఉతికిన మూట గాడిద మీద వేసి, ముంతెడు చెలిమె నీళ్లు చేతిల పట్టుకొని మెట్టుగూడ పోయిన. సారు అరుగు మీద కుర్చీల కూసొని ఉన్నడు.

"అవి దోమల గుంటలమ్మాయ్," అన్నడు. "మలేరియా అంటే ఏమిటో తెలుసా నీకు?"

"తెల్వదు సారు. దూప తెల్సు."

"నీళ్లు కావాలంటే నదిలో బోలెడు ఉన్నాయిగా?"

"ఉన్నయి. పట్నమంత కడుక్కున్న నీళ్లు. నువ్వు ఇంటికాన్నుంచి కూజా ఎందుకు తెచ్చుకుంటవ్ మరి?"

ముంత ముక్కుకాడ పెట్టిన. వాసన చూసిండు. అద్దాలు తీసిండు. తుడుస్తనే ఉన్నడు.

"పొరపాటు జరిగినట్టుంది," అన్నడు. "కమిటీలో పెడతాను."

"ఎప్పుడు?"

"వచ్చే నెల మొదటి ఆదివారం."

"అందాక మేం ఏం తాగాలె సారు?"

ఓవర్సీర్ సాబును పిలవమన్న. ఆ పేరు ఎత్తంగనే లేచి, వీధి దిక్కు చూసి, నన్ను లోపలికి రమ్మని తలుపు దగ్గరికి వేసిండు. అప్పటిదాక నేను అరుగు దాటి ఆ ఇంట్లకు పోయింది లేదు.

"ఆయన పేరు పైకి అనకు. రోజులు బాగాలేవు. ఎవరితో తిరిగాం, ఎవరితో తిన్నాం అన్నీ ఆరా తీస్తున్నారు. నాకు ఉద్యోగం ఉంది, పిల్లలున్నారు."

"సాబు ఏం తప్పు చేసిండు?"

"ఏమీ చెయ్యలేదు. దేవుడి మీద ఒట్టు, ఏమీ చెయ్యలేదు." "నువ్వు వెళ్తే వెళ్లు. నేను పంపానని మాత్రం అనకు."

అక్కడ్నుంచి మౌలాలి పోయిన. గుట్ట కింద చిన్న ఇల్లు. సాబు తలుపు జెరంత తీసి చూసిండు. గడ్డం మాసి ఉన్నది, మనిషి సగమైండు.

"క్యా అమ్మా, గింత దూరం? అంత ఖైరియత్?" అని, నేను జవాబు చెప్పకముందే, "మాస్టర్ సాబ్ ఎట్లున్నడు?" అన్నడు.

చెలిమెల సంగతి చెప్పిన. తల పట్టుకున్నడు. తల ఎత్తి అడిగిండు, "నన్ను పిలవమని మాస్టర్ సాబ్ చెప్పిండా?"

చెప్పలేదని అనాలె. ఆ ముఖం చూసి అనలేకపోయిన. అనకపోతేనే వస్తడని సుత నాకు తెల్సు.

"ఆయనే పంపిండు సాబ్," అన్న.

ముసలాయన లోపలికి పోయి షేర్వానీ తొడుక్కొని వచ్చిండు. గుండీలు పెట్టుకుంట నవ్విండు. "నాకు ఎరుక. మరిచేటోడు కాదు," అన్నడు. గాడిద మీద కూసోమంటే వద్దని కట్టె పొడుసుకుంట నడిసిండు. అన్ని నెలల ఎనక ఆయన బజారుల నడుసుడు అదే మొదలు అని ఆటెన్క వాళ్ల ఇంటోళ్లు చెప్పిన్రు.

రేవు మీదికి పోయి, పాత రాతి గోడ కూలిన జాగల నిలబడి, కట్టెతోని ఇసుకల గీత గీసిండు. "ఇక్కడ. నడుమంత లోతు పోవాలె." మా అత్త, నేను, ఇంక నలుగురం తవ్వినం. నడుము లోతుకు పోయినంక ఇసుక తడిసింది. మొదట బురద నీళ్లు. తోడి పారబోసినం. "రాత్రంత తేరుకోనియ్యుర్రి. రేపు వచ్చి నేనే మొదటి ముంత తాగి చూస్త," అని పోయిండు.

తెల్లారితే ఐతారం. సాబు మాకంటే ముందే వచ్చి బండ మీద కూసున్నడు. నీళ్లు తేరి అడుగు ఇసుక రేణువులు కనపడుతున్నయి. రుచి చూసి మా అత్త దిక్కు తల ఊపిండు. మా అత్త అక్కడనే కండ్లు తుడుసుకున్నది. పదకొండు ఇండ్లోళ్లు కుండలు పట్టుకొని వరుస కట్టిన్రు.

అప్పుడు జట్కాలు వచ్చినయి. ఆ దినమే కొత్త ఆఫీసరు రాక. ఒడ్డు ఎట్లున్నదో చూసుకుందామని సారు అందరికంటే ముందు ఒక్కడే గబగబ దిగి వచ్చిండు. ఎండకు ముఖం ఎర్రబడ్డది. ఓవర్సీర్ సాబు లేచి నిలబడ్డడు.

"మాస్టర్ సాబ్! సలాం. మీ కబురు అందింది, వచ్చిన," అని ముంత నింపి రెండు చేతులతోని ఇచ్చిండు.

సారు నా దిక్కు చూసిండు. సాబు దిక్కు చూసిండు. ఎనక్కి చూసిండు, ఎవరు లేరు. ముంత అందుకొని గటగట తాగిండు. తాగుతుంటే కండ్లు మూసుకున్నడు. నోరు తుడుసుకోకముందే ఆఫీసరు, గుమాస్తాలు ఎనకనే వచ్చి నిలబడ్డరు.

ఆఫీసరు షేర్వానీ దిక్కు చూసి అడిగిండు. "ఈయన ఎవరు? మీ సంఘం మనిషేనా?"

గుమాస్తాలు ఏటి దిక్కు తిరిగిన్రు. సారు చేతిల ముంత ఇంక అట్లనే ఉన్నది.

"కాదండీ," అన్నడు. "తెలియదండీ. ఈ చుట్టుపక్కల ఉండే ముసలాయనెవరో."

ఓవర్సీర్ సాబు నన్ను చూసిండు. నేను తల వంచుకున్న. నేను చెప్పింది అబద్ధమని ఆయనకు అప్పుడు తెలిసింది. కోపం చేస్తడేమో అనుకున్న. చేయలే. సారు చేతిల ముంత మెల్లగ తీసుకున్నడు. వంగి, చెలిమెల నీళ్లు ఊరినదాక ఆగి, నిండ ముంచిండు.

"హా సాబ్, ఇక్కడి ముసలోణ్నే," అన్నడు ఆఫీసరుతోని. ఆటెన్క సారు దిక్కు తిరిగి, "పంతులు గారు దూపతోని ఉన్నట్టున్నరు. ఇంకో ముంత తాగుండ్రి," అని ముందుకు పెట్టిండు.

సారు అది సుత తాగిండు.